అంగడి వస్తువులు - వాటి పేర్లు

సంతను గూర్చి మనవారు వ్రాసినది కొంచెము కాదు. అర్థశాస్త్రజ్ఞులు దానిని క్రయవిక్రయముల తావుగా చూచిరి. సాంఘిక చరిత్రకారులు దానియందు జనుల తిండితీరులను, కట్టుబొట్టులను వెదకిరి. భాషాసాహిత్యములను బోధించు మనము మాత్రము దానిని మాటల నిలువగా తగినంత శ్రద్ధతో చూచినట్లు కానరాదు. హైదరాబాదు నగరమున బషీర్‌బాగ్, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములలోను, వాటికి చేరువనున్న మూసీ తీరమునను సాగు పాతవస్తువుల అంగళ్ళను, చేతిపనుల ప్రదర్శనలను ఆధారముగా గొని, వస్తువునకును దాని పేరునకును గల సంబంధమును వివరించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మేము చెప్పదలచినది ఇది. పల్లెసంతలో వస్తువు తన పనిని బట్టి అమ్ముడుపోవును. పురావస్తువుల అంగడిలో తన వయస్సును బట్టి అమ్ముడుపోవును. మొదటిచోట పేరు చెప్పనిదే బేరము మొదలు కాదు. రెండవచోట పేరు తెలియకున్నను బేరమునకు లోటు లేదు. కావున వస్తువు పల్లె నుండి నగరమునకు చేరు దారిలో ఎచ్చటనో దాని పేరు జారిపోవుచున్నది. ఆ పేరుతోపాటు కొన్నిచోట్ల ఒక ప్రాచీన పదము, కొన్నిచోట్ల ఒక ప్రత్యయము, కొన్నిచోట్ల ఒక గ్రంథమే పోవుచున్నది.

1. సంత, అంగడి

ముందుగా ఈ రెండు మాటలను విచారింతము. 'సంత' అను పదము స్వల్పభేదముతో కన్నడ తమిళములలోను కలదు. మన ఊళ్ళ పేర్లలో ఇది గట్టిగా నాటుకొన్నది. ఉత్తరాంధ్రమున సంతబొమ్మాళి, సంతకవిటి, దక్షిణ కోస్తాలో సంతమాగులూరు, సంతనూతలపాడు ఇందుకు నిదర్శనములు. వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుగల్లు నగరపు మైలసంత ప్రసక్తి ఉండుటచే, కాకతీయుల రాజధానిలోను ఈ మాట ప్రసిద్ధమని తెలియుచున్నది.

'అంగడి' విషయము వేరు. రాయలసీమలో అంగడి యనగా దుకాణము. తెలంగాణములో అంగడి యనగా వారమునకొకసారి కూడు సంత. కోస్తాలో వారపు కూటమికి సంత యను మాటయే వాడుక. "అంగడికి పోయినాడు" అను వాక్యమును అనంతపురమువాడును, జనగామవాడును పలికినచో, మొదటివాడు ఏ దినమైనను పోయియుండవచ్చును, రెండవవాడు పోయిన దినము వారములో ఒక్కటే. ప్రశ్నావళి చేతబట్టి పోవు విద్యార్థి ఈ భేదమును ముందే ఎరిగియుండవలెను.

నగరమునకు వచ్చిన తరువాతను సంత తన వారమును విడువలేదు. పురానాపూల్ చెంత సాగు పాతసామానుల సంతకు జుమేరాత్ బజారని పేరు. జుమేరాత్ అనగా ఉర్దూలో గురువారము. ఎర్రగడ్డలో ఆదివారపు అంగడి కలదు. ఆబిడ్స్ కాలిబాటల మీద పాతపుస్తకములవారు కూడునది ఆదివారముననే.

2. బషీర్‌బాగ్ చుట్టుప్రక్కల

ఈ ప్రాంతపు స్థలనామములే మన చర్చకు మంచి పీఠిక కాగలవు. పైగా వంశీయుడును, 1887 మొదలు 1894 వరకు నిజాము ప్రధానమంత్రియు అయిన సర్ ఆస్మాన్‌జాకు బషీరుద్దౌలా అని బిరుదు. ఆయన తోటమహలు పేరే బషీర్‌బాగ్. ఆ మహలు నేడు లేదు. దాపుననున్న గన్‌ఫౌండ్రీలో ఫ్రెంచి సేనాని రేమాండు 18వ శతాబ్ది చివరి దశాబ్దమున ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. పోతపని ఎన్నడో నిలిచిపోయినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులోని ఆర్మీనియా జాతీయుడు ఆల్బర్టు అబీదు తెరచిన దుకాణము వలన ఆబిడ్స్ అను పేరు కలిగెను. ఆ దుకాణమును నేడు లేదు. ఈ మూడుచోట్ల వస్తువు పోయి పేరు నిలిచినది. ఈ వీధులకు చేరు పాతసామానులో జరుగుచున్నది దీనికి తలక్రిందులు: వస్తువు నిలిచి పేరు పోవుచున్నది.

ఇచ్చటి అమ్మకములను మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది చేసినవాడే అమ్మునది. నాంపల్లి మైదానమున ఏటేట జనవరి 1వ తేదీన మొదలగు నుమాయిష్ ఇందుకు ఉదాహరణము. ముల్కీ వస్తువుల ప్రదర్శనగా ఉస్మానియా పట్టభద్రుల చొరవతో ఇది 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946లో నాంపల్లికి మారెను. నేడు అచ్చట వర్తకులే హెచ్చు. ఐనను తన మగ్గపు బట్టను, తన పోతబొమ్మను తానే తెచ్చు పనివాడు ఇంకను కనబడుచున్నాడు. రెండవది వాడినవారి ఇంటినుండి వచ్చినది. జుమేరాత్ బజారు ఈ తెగలోనిది. మూడవది చేసినవానితోను వాడినవానితోను ఎట్టి పరిచయమును లేని వర్తకుడు అమ్మునది. అద్దాల బీరువాలలో పురావస్తువులను నిలిపిన దుకాణములు ఈ తెగలోనివి.

ఈ విభాగము భాషాపరిశోధకునకు మిక్కిలి ప్రయోజనకరము. చేసినవాని నోట పని మాటలుండును. వాడినవాని నోట వాడుక మాటలుండును. మూడవవాని నోట తరచుగా ఈ రెండును ఉండవు.

మొదటి దానికి బిదరీపనిని చూడుడు. బిదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే కావున ఈ కళకు నగరముతో సంబంధము పాతది. జస్తా ప్రధానముగా, రాగి కొద్దిగా కలిపిన మిశ్రలోహమును ఇసుక అచ్చులో పోతపోసి, పైన నకాషీ చెక్కి, ఆ గాళ్ళలో వెండిని సుత్తితో కూర్చి నింపుదురు. తరువాత బిదరు కోట మన్నును నవసాగరముతో కలిపి పట్టింపగా లోహము నల్లబడును, వెండి మాత్రము తెల్లగా నిలుచును. వెండితీగ పొదుగుటను తార్‌కషీ యనియు, వెండిరేకు లోతుగా పొదుగుటను తెహ్‌నిషాన్ యనియు పనివారు చెప్పుదురు. వర్తకుడు రెంటిని కలిపి "బిదరీ వర్కు" అనును. రెండు పనులు ఒక్క మాటలో మునిగిపోవుచున్నవి.

3. అడకత్తెర

రెండవ తెగలో, అనగా ఇండ్లనుండి వచ్చిన సామానులో, తరచుగా కనబడు పనిముట్టు అడకత్తెర. వక్కలు కత్తిరించుటకు వాడునది. చిలుక, గుర్రము మున్నగు ఆకారములలో పోసిన ఇత్తడి అడకత్తెరలు సేకర్తలకు ప్రీతిపాత్రములు. జుమేరాత్ బజారులో ఒకదానిని చూపి మేము పేరడుగగా, అమ్మువాడు "యాంటిక్ పీసు సార్, ప్యూర్ ఇత్తడి" అనెను. ప్రక్కన గాజులు పేర్చుకొని కూర్చున్న వృద్ధురాలు, "అడ్కత్తెర గద బిడ్డా, మా అత్తకుండె" అని అందుకొనెను. ఆమె పలికిన ఆ మాట విలువ ఆ ఇత్తడి ధరకన్న హెచ్చు. ఎందువలననగా,

తెలుగున ఈ కాయకు పోక, వక్క అనునవి వాడుక పేర్లు. 'అడ' అను మాట విడిగా ఈ అర్థమున మనకు వాడుకలో లేదు. కన్నడమున వక్కకు 'అడకె' యని పేరు, మలయాళమున 'అడక్క'. ఆ మలయాళపు మాటయే పోర్చుగీసువారి ద్వారా ఐరోపా భాషలకెక్కి 'అరెకా' యైనది. పోకచెట్టునకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరునందును ఇదియే కలదు. ద్రావిడ భాషలను తులనాత్మకముగా పరిశీలించినవారు అడకత్తెరలోని పూర్వభాగమును ఈ పదముతో చేర్చిరి. అనగా సోదరభాషలలో నేటికి జీవించియున్న ఒక ప్రాచీన ద్రావిడపదము మనకు ఒక పనిముట్టు పేరులో మాత్రమే దాగియున్నది. 'అడకత్తెరలో పోకచెక్క' యను జాతీయమును మనమందరము వాడుదుము. అందు ఒకే కాయ పేరు రెండుమార్లు వచ్చినదని, ఒకటి పాతమాట, ఒకటి కొత్తమాట యని వాడువారిలో ఎందరికి స్ఫురించును?

వక్కలు ముక్కలై పొట్లములలో వచ్చుచున్న ఈ కాలమున అడకత్తెరకు ఇంట పని లేదు. పని పోయినందున వస్తువు అంగడికి వచ్చెను. అంగడిలో దానికి పేరు అక్కరలేదు. ఇక మిగులునది జాతీయము. వస్తువును చూడని తరమువారికి జాతీయమును బోధించు ఉపాధ్యాయుడు ఈ పనిముట్టును ఒకసారి తరగతికి తెచ్చి చూపినచో, ఇరుకునబడుట యను భావము ఆ ఉపమలో ఎట్లు పుట్టెనో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు.

4. కొలపాత్రలు

అడకత్తెర పని వాడుక మారుటచే పోయెను. కొలపాత్రల పని శాసనము వలన పోయెను. పాత ఇత్తడి, ఇనుప సామానుల నడుమ చిన్నవి పెద్దవి వరుసగా నుండు గుండ్రని పాత్రలను కొందరు పూలు పెట్టుకొనుటకై కొనుచున్నారు. అవి ధాన్యము కొలిచిన మానికలు, తవ్వలు, సోలలు.

ప్రాంతభేదములు ఉన్నను, ప్రసిద్ధమైన లెక్క ఇది: 2 అరసోలలు 1 సోల, 2 సోలలు 1 తవ్వ, 2 తవ్వలు 1 మానిక, 4 మానికలు 1 కుంచము, 4 కుంచములు 1 తూము, 20 తూములు 1 పుట్టి. ఈ లెక్కను బట్టి పుట్టికి 320 మానికలు. 1956లో తూనికలు కొలతల శాసనము చేయబడి, 1958 నుండి అంచెలంచెలుగా మెట్రిక్ పద్ధతి అమలునకు వచ్చెను. అంతటితో ఈ పాత్రలకు న్యాయసమ్మతమైన పని లేకపోయెను.

ఇందు వైయాకరణులు గమనింపదగిన అంశమొకటి కలదు. కొలత తెలుపు 'ఎడు' ప్రత్యయము మన భాషకు సొంతమైన సొగసు. మానెడు, తవ్వెడు, సోలెడు, కుంచెడు, తూమెడు అనునవి పాత్రలను బట్టి పుట్టినవి. గుప్పెడు, పిడికెడు, చారెడు, దోసెడు, జానెడు, మూరెడు, బెత్తెడు అనునవి శరీరమును బట్టి పుట్టినవి. నేటి పిల్లలకు రెండవ వరుస సులభముగా తెలియును. మొదటి వరుస తెలియదు. కొలిచెడి చేయి మనతోనే యున్నది, కొలిచెడి పాత్ర అంగడికి పోయినది. గంపెడు, చాటెడు, చెంబెడు అనునవి ఆ వస్తువులున్నంత మేరకు నిలిచియున్నవి. లీటరు పాలు అందుముగాని సాధారణముగా లీటరెడు పాలు అనము. ఏలనన లీటరు మన మనస్సునకు పాత్ర కాదు, సంఖ్యయే. కావున ఈ ప్రత్యయము జీవించుట మన కంటికి కనబడు పాత్రల మీద ఆధారపడియున్నదని చెప్పవచ్చును. ఒక ఇంటి మానిక అంగడిలో పూలపాత్రగా మారుట వ్యాకరణమునకు సంబంధించిన విషయము కూడ నగుచున్నది.

5. కుండ, పటము

పాతవి మాత్రమే కాదు, కొత్తగా చేసిన చేతిపనివస్తువులకును ఈ ముప్పు కలదు. కుమ్మరి చేసిన పాత్రలనే తీసికొందము. తెలంగాణమున చిన్న పిడతను గురిగి యందురు. నీరు నిలువచేయు పెద్దదానిని గోళెమందురు. వేసవిలో చల్లని నీటికై వాడుదానికి రంజను అని పేరు. వంటింట భక్తితో నిలుపుకొను కుండ కూరాడు. పెండ్లికై కుమ్మరి ఇంటినుండి తెచ్చునవి ఐరేని కుండలు. ఇవన్నియు మట్టివే, ఒకే సారె మీద తిరిగినవే, ఒకే ఆవమున కాలినవే. వీటిని వేరుపరచునది ఆకారము మాత్రము కాదు. నీరు, వంట, పూజ, పెండ్లి అను పనులు. ప్రదర్శనలో రంగులద్ది వరుసగా పేర్చినపుడు ఇవన్నియు "టెర్రకోట" యగుచున్నవి. కొనువాడు ఐరేని కుండను గొడుగులు పెట్టుకొనుటకు వాడుకొన్నను మనకు అభ్యంతరము లేదు. కాని పెండ్లిపాటలలో ఐరేని మాట వచ్చినపుడు అర్థము చెప్పలేని విద్యార్థి జానపద సాహిత్యముపై వ్యాసము ఎట్లు వ్రాయగలడు?

చేర్యాల నకాషీ పటముల కథ ఇంకను గమనింపదగినది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలమీద కులపురాణ ఘట్టములను వరుసగా చిత్రింతురు. ఈ పటములను ఆధారముగా గొని కథ చెప్పు ఆశ్రితకులములు వేరువేరుగా నున్నవి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు చెప్పుదురు. కథకుడు పటమును క్రమముగా విప్పుచు, కర్రతో బొమ్మను చూపుచు కథను నడపును. కావున పటము చూచుటకు మాత్రమే ఉద్దేశింపబడిన చిత్రము కాదు, అది చదువబడు గ్రంథము. దానికి ఆద్యంతములు కలవు, ప్రకరణములు కలవు. నేడు అంగడిలో ఒక్కొక్క ఘట్టము అద్దపు చట్రములో విడిగా దొరకుచున్నది. చిత్రకారునికి ఇది జీవనాధారము. దానిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని సాహిత్య విద్యార్థికి ఆ చట్రము ఒక కావ్యమునుండి చించిన పుట వంటిది. ఈ బొమ్మకు ముందు ఏది, తరువాత ఏది, ఏ కులమువారి కథ, ఎవరు చెప్పెడివారు అను నాలుగు ప్రశ్నలు అడుగక దానిని కొనరాదు.

6. తాటాకు

పుటలు చింపుట యను మాట పోలికగా చెప్పితిమి. తాటాకు గ్రంథముల విషయమున ఇది పోలిక కాదు, సత్యమే. పురావస్తువుల దుకాణములలో తాళపత్రములు విడివిడిగా, అలంకారమునకై అమ్ముడుపోవుట కలదు. తాళపత్ర గ్రంథమునకు కట్టు త్రాడు మీద ఉండును. త్రాడు విప్పిన క్షణమున క్రమము పోవును. ఆకు అంచున వేసిన సంఖ్యయే ఆ క్రమమునకు ఏకైక సాక్షి. మన కవులు తమ పేరును, తండ్రి పేరును ఆశ్వాసాంత గద్యలలో చెప్పుకొనిరి. లేఖకులు తాము వ్రాసి ముగించిన సంవత్సర మాస తిథులను చివరి ఆకున వ్రాయు ఆచారము కలదు. కావున వంద ఆకుల గ్రంథమున తొంబదితొమ్మిది దొరకి చివరిది ఏ అతిథి మందిరపు గోడకో పోయినచో, మనకు పద్యములు మిగులును గాని, వాటి కాలమును నిర్ణయించు ఆధారము పోవచ్చును. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించుటకు ముందు నన్నెచోడుని కుమారసంభవము పండితలోకమునకు ఎరుకలో లేదు. ఒక వ్రాతప్రతి నిలుచుట, నిలువకపోవుట మన సాహిత్య చరిత్రను ఎంతగా మార్చునో ఇంతకన్న వివరింప నక్కరలేదు.

ఇందుకు చట్టమును కలదు. 1972లో చేయబడి 1976 ఏప్రిల్ 5వ తేదీ నుండి అమలునకు వచ్చిన పురావస్తు కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువ కాని వయస్సుగల శిల్పములు, చిత్రములు మున్నగునవి పురావస్తువులు. శాస్త్ర, చారిత్రక, సాహిత్య, సౌందర్య విలువగల వ్రాతప్రతులకు ఈ గడువు 75 ఏండ్లు. పురావస్తువుల వ్యాపారమునకు అనుమతిపత్రము కావలెను. వాటిని దేశాంతరమునకు పంపు అధికారము కేంద్రప్రభుత్వమునకును, అది నియమించిన సంస్థలకును తప్ప ఇతరులకు లేదు. పరిశోధక విద్యార్థి దీనిని తెలిసికొనుట రెండు విధముల మేలు: తాను తెలియక చిక్కులలో పడడు, విలువగల ప్రతి కనబడినపుడు ప్రాచ్యలిఖిత గ్రంథాలయము వంటి సంస్థలకు తెలుపగలడు.

ఆబిడ్స్ ఆదివారపు పుస్తకముల అంగడిలో దొరకునవి ముఖ్యముగా ముద్రిత గ్రంథములు. 1891లో నెలకొల్పబడిన అసఫియా గ్రంథాలయము 1936లో అఫ్జల్‌గంజి భవనమునకు మారకముందు ఈ ఆబిడ్స్‌లోనే యుండెను. నేడు ఇచ్చటి కాలిబాట గ్రంథాలయమునకు సూచిక లేదు. కొనువారు గ్రంథమునే చూతురు. మనము గ్రంథముతోపాటు మొదటి పుటలోని సంతకమును, అంకిత వాక్యమును, అంచులలోని వ్రాతలను చూడవలెను. ఒక తరపు ఉపాధ్యాయుడు వసుచరిత్రను ఎట్లు పాఠము చెప్పెనో ఆయన అంచులలో వ్రాసికొన్న ప్రతిపదార్థములే చెప్పును. అట్టి సమాచారము మరి యే గ్రంథమునను దొరకదు.

7. సేకరణ విధానము

ఇక కర్తవ్యమును సంగ్రహముగా చెప్పుదుము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము మనకు మార్గదర్శి. వ్యవసాయ పదములు 1962లోను, చేనేత పదములు 1971లోను వెలువడెను. ఆ పని వృత్తివారి ఇండ్లకు పోయి చేసినది. అంగడి ఆ పనికి బదులు కాదు, చేర్పు. వృత్తి నశించిన ఊరి వస్తువులు అంగడిలోనే కనబడును.

వస్తువును చూపి పేరడుగవలెను. పేరు చెప్పి అవునా యని అడుగరాదు. పెద్దలు మర్యాదకై అవుననుట కలదు. పేరు తరువాత అవయవముల పేర్లు అడుగవలెను. పిదప క్రియను అడుగవలెను: దీనితో ఏమి చేయుదురు? నామముకన్న క్రియ త్వరగా మరపునకు వచ్చును. చెప్పినవారి ఊరు, వృత్తి, ఇంచుమించు వయస్సు గుర్తింపవలెను. వస్తువునకు కొలతలతో గీతచిత్రము వ్రాసికొనవలెను. ఛాయాచిత్రము దానికి తోడు. అమ్మువానినే గాక, చూచుచు నిలిచిన పెద్దలను అడుగుట మరువరాదు. అంగడిలో మంచి నిఘంటువు చాలసార్లు కొననివారి నోటనే యుండును. కొన్నను కొనకున్నను అమ్మువాని వేళను వృథా చేయకుండుట మన మర్యాద. రద్దీలేని ఉదయపు వేళ ఇందుకు తగినది.

ప్రతి తెలుగు శాఖయు ఒక పట్టికను తెరచి, విద్యార్థియొకడు ఏడాదికి పది వస్తువుల పేర్లను ఈ పద్ధతిని చేర్చునట్లు ఏర్పాటు చేసినచో, అయిదేండ్లలో అది ఒక పదకోశమగును. దీనికి ధనము అక్కరలేదు. వస్తువులకై వర్తకులు, సేకర్తలు, ప్రదర్శనశాలలవారు పోటీపడుదురు. పేర్లకై పోటీపడువారు లేరు. గాజుల దుకాణపు వృద్ధురాలి వంటివారు అంగడికి వచ్చుచున్నంత కాలము అవి అడిగినవారికి ఊరకనే దొరకును. అడుగవలసిన కాలము ఇదియే, అడుగవలసినవారము మనమే.